తెరచాప నౌకలో వించ్ నిర్వహణ: కందెన ఎక్కడ, నూనె ఎక్కడ?

వ్యాససంగ్రహం

తెరచాపను గాలికి తగినట్లు బిగించడానికీ, సడలించడానికీ నౌకలో వాడే చేతియంత్రం వించ్. దీని లోపల పళ్ళచక్రాలు, రోలర్ బేరింగులు, స్ప్రింగుతో కదిలే చిన్న లోహపు నాలుకలు ఉంటాయి. ఉప్పునీటి మధ్య పనిచేసే ఈ యంత్రాన్ని క్రమం తప్పకుండా విప్పి, కడిగి, పరీక్షించి, తిరిగి కూర్చకపోతే అది భారం మోస్తున్న సమయంలోనే విఫలమయ్యే ప్రమాదం ఉంది. వించ్ నిర్మాణాన్ని, అది పాడయ్యే తీరును, నిర్వహణ క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. కందెన పెట్టవలసిన చోటుకూ, పెట్టకూడని చోటుకూ మధ్య ఉన్న భేదంపై ప్రధానంగా దృష్టి నిలుపుతుంది.

కీలకపదాలు: తెరచాప నౌక, వించ్, పాల్, కందెన, తుప్పు, తారిణి, సాంకేతిక పరిభాష.

1. ఉపోద్ఘాతం

భారత నౌకాదళానికి చెందిన తెరచాప నౌక ఐ.ఎన్.ఎస్.వి. తారిణి 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరింది. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు మహిళా అధికారులు ఆ నౌకను నడిపారు. వారిలో లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి విశాఖపట్నానికి, లెఫ్టినెంట్ బి. ఐశ్వర్య హైదరాబాదుకు చెందినవారు. 254 రోజుల ఆ యాత్రలో వారు దాటిన దూరం సుమారు 21,600 నాటికల్ మైళ్ళు. నౌక పొడవు 56 అడుగులు మాత్రమే.

ఇటువంటి యాత్రలను గురించి రాసేటప్పుడు అలలు, తుఫానులు, సాహసం ముందుకు వస్తాయి. కిరోసిన్ డబ్బా, పాత బ్రష్షు, గుడ్డముక్క వెనుకకు పోతాయి. కానీ ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల మధ్య వారాల తరబడి ఒడ్డు కనిపించని నీటిలో ఆ నౌకను కదిలించినది గాలి అయితే, ఆ గాలిని అదుపులో ఉంచినవి తాళ్ళు. ఆ తాళ్ళను లాగి పట్టుకున్నవి వించ్‌లు. చివరి అంచెలో స్టీరింగ్ లోపం తలెత్తి, ముందు అనుకోని మారిషస్ రేవులో తారిణి ఆగవలసి వచ్చింది. నడిసముద్రంలో ఒక చిన్న యంత్రభాగానికి ఎంత విలువ ఉంటుందో ఆ ఒక్క సంఘటన చెబుతుంది. రోడ్డు పక్కన బండి ఆపి మెకానిక్‌కు కబురు పెట్టే వీలు అక్కడ లేదు. నడిపేవారే బాగుచేసేవారు కూడా.

2. పదం – వస్తువు

తెలుగుకు నౌకాపదజాలం కొత్త కాదు. తెరచాప, చుక్కాని, లంగరు, మోకు, దోనె, సరంగు వంటి మాటలు తీరమంతటా వాడుకలో ఉన్నవే. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసి పంపిన రేవు. 1839 నాటి తుఫాను దానిని కోలుకోలేని దెబ్బ తీసింది. కానీ నేటి తెరచాప నౌక భాగాలను చెప్పవలసి వచ్చినప్పుడు ఈ పాత పదసంపద కొంతదూరమే తోడు వస్తుంది. వించ్‌కు ‘గిలక’ అనే మాట చాలదు. బావిమీది గిలక తాడు దిశను మారుస్తుంది. లాగే బలాన్ని పెంచదు. వించ్ బలాన్ని పదుల రెట్లు పెంచుతుంది. అందువల్ల వించ్ అనే మాటనే ఉంచుకోవడం సమంజసం.

విశాఖ, కాకినాడ రేవుల్లో మరపడవలపై కూడా వించ్ ఉంటుంది. అయితే ఆ వించ్, ఈ వ్యాసం చెప్పే వించ్ ఒకటి కావు. వలను లాగే వించ్ ఇంజను బలంతో తిరుగుతుంది. లాగిన తాడంతా దాని పీపా చుట్టూ పొరలు పొరలుగా నిలువ ఉంటుంది. తెరచాప వించ్‌లో తాడు నిలువ ఉండదు. మూడు నాలుగు చుట్లు మాత్రమే దాని మీద ఉంటాయి. ఒకవైపు నుంచి భారంతో బిగిసిన తాడు వస్తుంది, రెండోవైపు నుంచి సడలిన తాడు బయటకు పోతుంది.

ఇక్కడ అనువాదకులు పొరబడే మరొక మాట ఉంది. నావికుల ఇంగ్లీషులో ‘షీట్’ అంటే బట్ట కాదు, తెరచాప మూలకు కట్టి దానిని లోపలికి లాగే తాడు. చాపను స్తంభం పైకి ఎత్తే తాడును ‘హాల్యార్డ్’ అంటారు. ఈ రెండు రకాల తాళ్ళకూ వించ్‌లు వేరువేరుగా ఉంటాయి. వీటిలో షీట్‌ను లాగే వించ్‌లకు పని ఎక్కువ, అరుగుదల ఎక్కువ.

3. వించ్ పనిచేసే తీరు

వించ్ బలం రెండు వేర్వేరు సూత్రాల మీద ఆధారపడి ఉంది. వాటిని విడదీసి చూస్తేనే నిర్వహణలో ఏ భాగం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

మొదటిది ఘర్షణ. గుండ్రని వస్తువు చుట్టూ తాడు చుట్టినప్పుడు, ఒక కొసన ఉన్న పెద్ద భారాన్ని రెండో కొసన చిన్న బలంతో ఆపవచ్చు. ఎన్ని చుట్లు పెరిగితే ఆపగలిగే భారం అన్ని కూడికలుగా కాక, గుణకాలుగా పెరుగుతుంది. 18వ శతాబ్దపు గణితవేత్త లియోనార్డ్ ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఇదే. తాడుకూ పీపాకూ మధ్య ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, ఒక చుట్టు భారాన్ని మూడున్నర రెట్లు, రెండు చుట్లు 12 రెట్లు, మూడు చుట్లు 43 రెట్లు తగ్గిస్తాయి. ఈ లెక్కలో పీపా లావుకు పాత్ర లేకపోవడం ఆశ్చర్యంగా తోచవచ్చు. చుట్టిన కోణమే ప్రధానం.

రెండవది పళ్ళచక్రాల, చేతిపిడి పొడవుల కలయిక. వాడుకలో ఉన్న చేతిపిడి పొడవు సాధారణంగా 10 అంగుళాలు, అంటే 254 మిల్లీమీటర్లు. పీపా వ్యాసార్ధం 40 మిల్లీమీటర్లు అయితే ఆ పొడవు ఒక్కటే బలాన్ని ఆరు రెట్లకు పైగా పెంచుతుంది. లోపలి పళ్ళచక్రాలు మరో ఆరు రెట్లు పెంచితే, మొత్తం 40 రెట్లకు చేరువవుతుంది. 40వ నంబరు వించ్ అని తయారీదారులు పేర్కొనే అంకె సుమారుగా ఈ నిష్పత్తినే సూచిస్తుంది.

ఈ అంకెలకు గాలిని జోడిస్తే పరిస్థితి స్పష్టమవుతుంది. 50 చదరపు మీటర్ల ముందుచాప మీద 20 నాట్ల గాలి వీస్తున్నప్పుడు దాని షీట్ మీద పడే లాగుడు సుమారు 420 కిలోలని నావికులు వాడే అంచనా సూత్రం చెబుతుంది. గాలి 30 నాట్లకు పెరిగితే అది 900 కిలోలు దాటుతుంది. గాలి వేగం ఒకటిన్నర రెట్లయితే భారం రెండింతలకు పైగా పెరగడానికి కారణం, భారం వేగపు వర్గాన్ని అనుసరించడమే. ఒక ఎద్దు బరువుకు మించిన ఈ లాగుడును ఒక మనిషి ఒంటిచేత్తో తిప్పి నిలుపుతున్నాడంటే, ఆ బరువంతా వించ్ లోపల ఎక్కడో ఆగి ఉండాలి. అది ఆగేది చిటికెనవేలు కొసంత లోహపు ముక్కల మీద.

ఆ ముక్క పేరు పాల్. ఇది వించ్ ఇరుసులోనో, పళ్ళచక్రంలోనో తొలిచిన చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది. దాని వెనుక సన్నని స్ప్రింగు ఉంటుంది. పీపా లోపలి అంచున రంపపు పళ్ళవంటి గాట్లు ఉంటాయి. పీపా ముందుకు తిరిగేటప్పుడు పాల్ ఆ పళ్ళమీదుగా జారుతూ టిక్కు టిక్కుమంటుంది. వెనుకకు తిరగబోతే స్ప్రింగు దానిని బయటకు నెట్టి ఉంచడం వల్ల పంటికి అడ్డుపడి ఆపుతుంది. ఈ ఏర్పాటు వల్లనే మనిషి చెయ్యి వదిలినా తాడు వెనుకకు పోదు. రెండు వేగాల వించ్‌లో చేతిపిడిని ఒకవైపు తిప్పితే పీపా వేగంగా, తక్కువ బలంతో తిరుగుతుంది. ఎదురువైపు తిప్పితే అదే దిశలో నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరుగుతుంది. పిడిని ఎటు తిప్పినా పీపా ఒకే దిశలో తిరిగేలా చేసేది కూడా పాల్‌ల అమరికే.

4. పాడయ్యే తీరు

వించ్ శత్రువు ఉప్పునీరు అని అందరూ చెబుతారు. ఆ మాట నిజమే గాని అసంపూర్ణం. ఎగసిపడిన నీరు ఆరిపోయాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది; అందువల్ల ఎండ కాసిన రోజున కూడా లోపల చెమ్మ నిలుస్తుంది. నీరు బయటకు పోవడానికి వించ్ అడుగుభాగంలో సన్నని రంధ్రాలు ఉంటాయి. మురికి, పాత కందెన కలిసి వాటిని మూసివేస్తే నీరు అక్కడే నిలిచి, తుప్పుపట్టని ఉక్కుగా పేరుపడిన స్టెయిన్‌లెస్ స్టీలును కూడా సందుల్లో తినడం మొదలుపెడుతుంది. ఆ ఉక్కును తుప్పు నుంచి కాపాడే పలుచని పొరకు ప్రాణవాయువు అవసరం. నీరు నిలిచిన సందులో అది అందదు.

మరొక సమస్య లోహాల పొత్తు. ఒకే వించ్‌లో అల్యూమినియం పీపా, కంచు పళ్ళచక్రాలు, ఉక్కు ఇరుసు, ఉక్కు మరమేకులు ఉండవచ్చు. రెండు భిన్నలోహాలు ఉప్పునీటిలో తాకుతూ ఉంటే అవి చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తాయి; వాటిలో అల్యూమినియం కరిగిపోతుంది. మరమేకుల చుట్టూ తెల్లని పొడి కనిపిస్తే అది ఉప్పు అని తుడిచివేయకూడదు, చాలాసార్లు అది అల్యూమినియం తుప్పు.

అయితే వించ్‌లు విఫలం కావడానికి ఉప్పు ఎంత కారణమో, కాపాడుతుందని పెట్టిన కందెన కూడా అంత కారణం. ఈ విషయం మొదటిసారి విన్నవారికి విపరీతంగా తోస్తుంది. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టడం తెలుగువారికి శతకపద్యాల దాకా ఎక్కిన అలవాటు. గడ్డి కాల్చిన మసిని ఆముదంతో నూరి ఇరుసుకు ధారాళంగా పూసేవారు. బండి ఇరుసు విషయంలో ఎక్కువ పెడితే నష్టం లేదు. మిగిలినది బయటకు కారిపోతుంది. వించ్ విషయంలో ఆ తర్కం తలకిందులవుతుంది. ఎక్కువైన కందెన పళ్ళచక్రాల తాకిడికి పక్కకు నెట్టబడి పాల్ ఉన్న గుంటలోకి చేరుతుంది. అక్కడ ఉప్పుతో, అరిగిన లోహపు రజనుతో కలిసి కాలక్రమంలో మైనంలా గట్టిపడుతుంది. స్ప్రింగు బలం చాలా స్వల్పం. ఆ మైనాన్ని తోసుకుని పాల్ బయటకు రాలేదు. గుంటలోనే అతుక్కుపోతుంది.

అప్పుడు జరిగేది ఒక్కసారిగా బయటపడదు. రెండు పాల్‌లలో ఒకటి అతుక్కున్నా రెండవది భారాన్ని మోస్తుంది. వించ్ తిరుగుతూనే ఉంటుంది, తాడు నిలుస్తూనే ఉంటుంది. రెట్టింపు భారం మోస్తున్న ఆ రెండవ పాల్ అంచు అరిగి గుండ్రబడుతుంది. ఏదో ఒక రాత్రి, గాలి పెరిగిన వేళ, అది పంటిమీది నుంచి జారుతుంది. పీపా వెనుకకు గిర్రున తిరుగుతుంది. చేతిపిడి ఇంకా వించ్‌లో ఉంటే అది కూడా తిరిగి, పట్టుకున్నవారి మణికట్టును, ముంజేతిని, వంగి ఉంటే ముఖాన్ని దెబ్బతీస్తుంది. దక్షిణ మహాసముద్రంలో చలి కూడా దీనికి తోడవుతుంది. గోవా ఎండలో పలుచగా ఉన్న కందెన ఆ అక్షాంశాల్లో చిక్కబడుతుంది. రేవులో చక్కగా కదిలిన పాల్ అక్కడ మందగించవచ్చు.

5. విప్పడం

నిర్వహణలో మొదటి మెట్టు విప్పడం కాదు, వినడం. చేతిపిడి లేకుండా పీపాను చేత్తో ముందుకు తిప్పి చూడాలి. శబ్దం తేటగా, సమాన విరామాలతో వస్తే పాల్‌లు కదులుతున్నట్లు. శబ్దం మొద్దుబారినా, మధ్యలో ఒక టిక్కు తప్పినా, అసలు వినిపించకపోయినా లోపల ఏదో అతుక్కున్నట్లు. నిశ్శబ్దంగా, మెత్తగా తిరిగే వించ్‌ను మంచి వించ్ అనుకోవడం కొత్తవారు చేసే పొరపాటు. ఆ మెత్తదనం చాలాసార్లు ఎక్కువైన కందెన లక్షణం.

విప్పడానికి ముందు చేయవలసిన ఏర్పాటు హాస్యంగా కనిపించేంత సాధారణమైనది. అట్టపెట్టె ఒకటి తీసుకుని, దాని అడుగున వించ్ పట్టేంత రంధ్రం కోసి, వించ్ మీదుగా దించాలి. జారిపడే భాగాలు, ఎగిరే స్ప్రింగులు పెట్టెలోనే పడతాయి. నౌక తట్టు మీది నీటి రంధ్రాలను గుడ్డలతో మూయాలి. పాల్ స్ప్రింగు ఒకటి సముద్రంలో పడితే దానిని వెతికే మార్గం లేదు, ఆ స్ప్రింగు లేకుండా వించ్‌ను వాడే మార్గమూ లేదు. విద్యుత్ వించ్ అయితే మొదట దాని విద్యుత్ సరఫరాను పూర్తిగా తెంచాలి. తెలియక ఎవరో మీట నొక్కితే లోపల ఉన్న వేళ్ళు పోతాయి.

తరువాత పైన ఉన్న మరను విప్పి, తాడును వేరుచేసి బయటకు పంపే చేతిని తీసి, పీపాను నిట్టనిలువుగా పైకి ఎత్తాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాత కందెన జిగురువల్ల రోలర్ బేరింగులు ఒక్కోసారి ఇరుసు మీద ఉండిపోక పీపా లోపలి గోడకు అతుక్కుని పైకి వస్తాయి. పీపాను నౌక అంచు వైపు పట్టుకుని వంచిన క్షణంలో అవి జారి నీటిలో పడిన సందర్భాలు నావికులలో కథలుగా చెప్పుకునేంత సాధారణం. పీపా ఎత్తిన వెంటనే దాని కిందికి రెండో చెయ్యి పోనివ్వడం మంచి అలవాటు.

ఒక్కొక్క భాగం తీసినప్పుడల్లా ఫొటో తీసుకోవాలి. తీసిన వరుసలోనే గుడ్డమీద ఎడమ నుంచి కుడికి పేర్చాలి. పళ్ళచక్రాలలో కొన్ని తలకిందులుగా పెట్టినా కూర్చుంటాయి, కాని సరిగా పనిచేయవు. ఒకేసారి రెండు వించ్‌లను విప్పకపోవడం మరీ ముఖ్యం. ఒకటి చెడిపోతే పక్కనున్న రెండవ వించ్ మాదిరిగా ఉపయోగపడుతుంది. రెండింటి భాగాలూ ఒకే గుడ్డమీద కలిసిపోతే మాదిరి అంటూ మిగలదు.

6. కడగడం, పరీక్షించడం

లోహభాగాలను కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దాలి. పెట్రోలు వాడకూడదు, మూసిన నౌక గదుల్లో దాని ఆవిరి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. బేరింగు రోలర్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ పంజరాలను ద్రావకాల్లో నానబెట్టకుండా సబ్బునీటితో కడగడం క్షేమం. మురికి కిరోసిన్‌ను నీటిలో పారబోయకుండా సీసాలో పట్టి ఒడ్డుకు తీసుకుపోవాలి. కడిగిన భాగాలను నూలుపోగులు వదలని గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

కడగడం వెనుక అసలు ప్రయోజనం శుభ్రత కాదు, చూపు. కందెన కింద దాగిన అరుగుదల అప్పుడే కనిపిస్తుంది. ప్రతి పాల్ అంచునూ వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పదునైన కోణం ఉండవలసిన చోట గుండ్రదనం కనిపించినా, అంచు చిట్లినా, సన్నని పగులు ఉన్నా దానిని పక్కన పెట్టాలి. అరిగిన పాల్‌ను ఆకురాయితో పదునుపెట్టి తిరిగి వాడడం ప్రమాదకరం. రాపిడితో దాని కొలత మారుతుంది, జంటలోని రెండవదానితో సమానంగా భారం పంచుకోదు. పాల్‌లనూ, స్ప్రింగులనూ జంటగా మార్చాలి. ఖరీదు తక్కువే కాబట్టి ఇందులో పొదుపు చేయవలసిన పని లేదు.

పళ్ళచక్రాల పళ్ళు ఒకవైపే పలుచబడ్డాయా, రోలర్లపై గుంటలు పడ్డాయా, ఇరుసు మీద గీతలు ఉన్నాయా అని చూడాలి. తాడు చుట్టుకునే పీపా పైభాగం గరుకుగా ఉండాలి. ఇదివరకు మూడవ విభాగంలో చెప్పిన 0.2 అనే గుణకం ఆ గరుకుదనం ఇచ్చేదే. పీపా నునుపెక్కి గుణకం 0.1కి పడిపోతే మూడు చుట్లు ఇచ్చే 43 రెట్ల పట్టు ఆరున్నర రెట్లకు జారిపోతుంది. తాడు జారుతుంటే చాలామంది మరో చుట్టు వేస్తారు. నిజానికి పీపాను పరిశీలించవలసిన సమయం అది. నౌకకు వించ్‌ను బిగించిన మరమేకులను కూడా ఇదే సందర్భంలో కదిపి చూడాలి; లోపలి భాగాలన్నీ కొత్తవైనా, అడుగు కదిలితే ఫలితం లేదు.

7. కందెన, నూనె

ఈ వ్యాసానికి కేంద్రమైన అంశం ఇది. వించ్ లోపల మూడు రకాల స్థలాలు ఉన్నాయి. పళ్ళచక్రాల పళ్ళకూ, ఇరుసులకూ వించ్‌ల కోసం తయారుచేసిన గ్రీజును సన్నని బ్రష్షుతో పలుచని పొరగా పూయాలి. లోహపు రంగు పొరగుండా కనిపించాలి, కనిపించకపోతే ఎక్కువైనట్లే. రోలర్ బేరింగులకు ఇంకా పలుచని పూత చాలు. పాల్‌లకూ, వాటి గుంటలకూ, స్ప్రింగులకూ గ్రీజు ఏ మాత్రం తగలకూడదు. అక్కడ ఒకటి రెండు చుక్కల పలుచని నూనె మాత్రమే వేయాలి. పీపా బయటి భాగానికి ఏదీ తగలకూడదు.

కారణం మొదటి నుంచీ చెప్పినదే. పళ్ళచక్రం రెండు లోహాలు నిరంతరం భారంతో ఒరుసుకునే చోటు. అక్కడ నిలిచి ఉండే చిక్కని పొర కావాలి. పాల్ క్షణక్షణం లోపలికీ బయటికీ దూకవలసిన చోటు; అక్కడ చిక్కదనమే ఆటంకం. తెలుగు వాడుకలో గ్రీజునూ, యంత్రపు నూనెనూ కలిపి ‘కందెన’ అనడం కద్దు. సాధారణ సంభాషణలో అది దోషం కాదు. కానీ ఒక నిర్వహణ పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చే అనువాదకుడు రెండు చోట్లా ‘కందెన పూయండి’ అని రాస్తే, చదివి ఆచరించిన మనిషి చెయ్యి విరిగే పరిస్థితి వస్తుంది. గ్రీజుకు కందెన, పలుచని ద్రవానికి నూనె అని స్థిరపరచుకుని, రచన అంతటా ఆ భేదాన్ని పాటించడం అనువాదంలో శైలికి సంబంధించిన విషయం కాదు, భద్రతకు సంబంధించినది. సాంకేతిక పరిభాషపై జరిగే చర్చల్లో దేశ్యమా, తత్సమమా, ఆదానమా అన్న ప్రశ్నకు దక్కినంత చోటు ఇటువంటి భేదాలకు దక్కవలసి ఉంది.

తుప్పు వదిలించే స్ప్రే ద్రవాలను కందెనకు బదులుగా వాడడం మరొక సాధారణ పొరపాటు. అవి ఉన్న కందెనను కరిగిస్తాయి, తాము నిలవవు. కొన్నాళ్ళకు లోహం పొడిగా మిగులుతుంది.

8. తిరిగి కూర్చడం

విప్పిన వరుసకు ఎదురు వరుసలో కూర్చాలి. కష్టమైన ఘట్టం పాల్‌లను గుంటల్లో నిలిపి ఉంచుతూ పళ్ళచక్రాన్ని వాటి మీదుగా దించడం. రెండు పాల్‌లనూ వేళ్ళతో లోపలికి నొక్కి, చక్రాన్ని కొద్దిగా తిప్పుతూ దించితే అవి లోపలికి జారుతాయి. దించే ముందు ప్రతి పాల్‌నూ వేలితో నొక్కి వదలాలి. అది వెంటనే బయటకు రావాలి. నెమ్మదిగా వస్తే ఎక్కడో కందెన తగిలింది. తిరిగి తుడవాలి. ఒక పాల్‌ను తలకిందులుగా పెట్టినా చక్రం కూర్చునే అవకాశం ఉంది, అప్పుడు వించ్ తిరుగుతుంది గాని ఆపదు.

పై మరను చేతిబిగువుకు కొంచెం మించి బిగిస్తే చాలు. అతిగా బిగిస్తే పీపా ఒరుసుకుంటుంది. గుడ్డమీద ఏ భాగమైనా మిగిలి ఉంటే అది అదనపు భాగమని సమాధానపడకుండా ఫొటోలు తిరగేయాలి.

అప్పుడు మొదట విన్న శబ్దాన్ని మళ్ళీ వినాలి. పీపాను ముందుకు తిప్పితే తేటైన టిక్కులు, వెనుకకు తిప్పబోతే తక్షణం నిలుపు. చేతిపిడి పెట్టి రెండు వేగాలనూ పరీక్షించాలి. చేతిపిడిలోని తాళం సరిగా పడుతున్నదో లేదో కూడా చూడాలి. తాళం పడని పిడి మొదటి కుదుపుకే సముద్రం పాలవుతుంది. పరీక్ష రేవులో, తక్కువ గాలిలో జరగాలి. భారం మీద మొదటిసారి పరీక్షించేది తుఫానులో కాకూడదు.

9. ఎంతకొకసారి?

నౌక నీటిలో ఉన్నంతకాలం వించ్‌లను తరచుగా మంచినీటితో కడగాలి. ఉప్పు కరిగిపోవడమే ఇక్కడ లక్ష్యం కాబట్టి నీరు ధారగా పోయడం చాలు. ఎక్కువ పీడనంతో చిమ్మితే ఉప్పు సీలుల లోపలికి పోతుంది. హార్కెన్, లూమార్, ఆండర్సన్ వంటి తయారీదారులు ఏడాదికి కనీసం ఒకసారి పూర్తిగా విప్పి శుభ్రపరచాలని స్థూలంగా ఒకే మాట చెబుతారు. భాగాల అమరికలో, వాడవలసిన గ్రీజు రకంలో తేడాలు ఉంటాయి కనుక ఆ నమూనాకు సంబంధించిన పుస్తకం దగ్గర ఉండాలి. సుదూర యాత్రలో క్యాలెండరు కంటే మైళ్ళు ప్రమాణం. వారాల తరబడి రాత్రింబవళ్ళు పనిచేసిన వించ్, వారాంతాల్లో మాత్రమే కదిలే నౌక వించ్ కొన్నేళ్ళలో చేసే పనిని ఒక్క అంచెలో చేస్తుంది. అందుకే ప్రతి రేవులోనూ కనీసం షీట్ వించ్‌లను విప్పి చూడడం వివేకం.

2024 అక్టోబరు 2న తారిణి మళ్ళీ గోవా నుంచి ప్రపంచయాత్రకు బయలుదేరినప్పుడు నౌకలో ఉన్నది లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా కె., రూపా ఎ. ఇద్దరే. 2025 మే 29న వారు తిరిగి వచ్చారు. ఇద్దరే ఉన్న నౌకలో ఒకరు నిద్రపోతే రెండవవారు ఒంటరిగా చాపలను అదుపు చేయాలి. తాడు లాగడానికి ఒకరు, వించ్ తిప్పడానికి మరొకరు అనే సౌకర్యం ఉండదు. తాడును తానే పట్టి ఉంచే దవడలున్న వించ్‌లు ఇటువంటి సందర్భాల్లో రెండో మనిషి పనిని చేస్తాయి. ఆ దవడల పట్టు తాడు లావుకు సరిపోవాలి. అరిగిన దవడలో సన్నని తాడు జారుతుంది, లావు తాడు ఇరుక్కుంటుంది. తాళ్ళు మార్చినప్పుడల్లా వాటి లావును దవడలతో సరిచూసుకోవలసింది అందుకే.

యాత్రకు ముందు సర్దుకునే సామానులో వించ్‌కు కేటాయించే చోటు చిన్నది: ప్రతి నమూనాకు సరిపడే పాల్‌లు, వాటికి రెట్టింపు సంఖ్యలో స్ప్రింగులు, ఒక గ్రీజు ట్యూబు, ఒక చిన్న నూనె సీసా, రెండు బ్రష్షులు, అదనపు చేతిపిడి, అడుగు కోసిన అట్టపెట్టె. గ్రీజుకు వాడే బ్రష్షునూ, నూనెకు వాడే బ్రష్షునూ వేర్వేరు రంగులవి తీసుకుంటే, చీకటిలో టార్చి వెలుగున పని చేయవలసి వచ్చినప్పుడు ఒకదానికి బదులు మరొకటి చేతికి రాదు.